ఉపవాసం వండిన విందు

డిసెంబరు 25న క్రీస్తు జయంతి జరిపినట్టు మనకు దొరికే తొలి ఆధారం రోమ్‌ది, క్రీ.శ. 336 నాటిది. ఆ రోజున ఏం తినాలో బైబిల్లో ఎక్కడా లేదు. పండగకు ముందు ఏం తినకూడదో మాత్రం తర్వాతి శతాబ్దాల్లో చర్చి వివరంగానే చెప్పింది: మాంసం వద్దు, చాలాచోట్ల పాలు, వెన్న, గుడ్లు కూడా వద్దు. ఇన్ని శతాబ్దాల క్రిస్మస్ వంటలను వెనక్కి తిరిగి చూస్తే నన్ను కదిలించేది ఇదే. కుటుంబాలు తరతరాలుగా ప్రాణంగా చూసుకునే వంటల్లో చాలావాటికి పుట్టిల్లు లేమి. ఒకచోట మతం వద్దన్నది, ఒకచోట నేల పండించనిది, ఇంకోచోట కరువు లాక్కున్నది.

జర్మనీలో డ్రెస్డెన్ నగరపు ష్టోలెన్‌నే చూడండి. ఇప్పుడది వెన్న ఓడుతూ, ఎండుద్రాక్ష, బాదం, నారింజ తొక్కలతో నిండి, పైన మంచులా పంచదార పొడి కప్పుకుని వస్తుంది. బట్టలో చుట్టిన పసిబాలుడి రూపమని దాని మడతను చూపించి చెబుతారు. పదిహేనో శతాబ్దంలో మాత్రం అది పిండి, ఈస్ట్, నీళ్లు, నూనెతో చేసిన చప్పిడి రొట్టె. ఉపవాస దినాల్లో వెన్న నిషేధం. ఆలివ్ చెట్టు బతకని ఆ చలినేలలో మంచి నూనె కూడా దొరకదు. డ్రెస్డెన్‌ను ఏలే సాక్సనీ పాలకులు వెన్న కోసం పోప్‌కు మొరపెట్టుకున్నారు. పోప్‌లు మారారు, ఏళ్లు గడిచాయి. చివరికి 1491లో ఎనిమిదో ఇన్నోసెంట్ అనుమతి పత్రం పంపాడు. దాన్నే చరిత్రలో ‘వెన్న లేఖ’ అంటారు. వెన్న వాడుకోవచ్చు, కాకపోతే చర్చి నిర్మాణానికి కొంత సొమ్ము చెల్లించాలి. కొన్ని దశాబ్దాలకే సాక్సనీ మతసంస్కర్త లూథర్ బాట పట్టింది, పోప్ అనుమతితో పనే లేకుండా పోయింది. వెన్న మాత్రం ఉండిపోయింది.

పోలండ్ వాళ్లు నిషేధాన్నే విందుగా మలుచుకున్నారు. డిసెంబరు 24 సాయంత్రం తొలి చుక్క పొడిచేదాకా పిల్లలు కిటికీల దగ్గరే ఉంటారు. చుక్క కనబడ్డాక బల్లపై పరిచిన గుడ్డ కింద ఎండుగడ్డి, గుడ్డ మీద పన్నెండు వంటకాలు: బీట్‌రూట్ చారు, పుట్టగొడుగులు, క్యాబేజీ, గసగసాలు, కార్ప్ చేప. మాంసం ముక్క ఉండదు. తినేముందు పల్చటి అప్పం లాంటి ఓప్వాటెక్‌ను ఒకరి చేతిలోది ఒకరు తుంచుకుని, ఏడాది తగాదాలు మర్చిపోయి దీవించుకుంటారు. బల్ల దగ్గర ఒక కంచం ఖాళీగా ఉంచుతారు, అనుకోకుండా వచ్చే అతిథి కోసం. యుద్ధాలు, ప్రవాసాలు చూసిన ఆ దేశంలో చాలా ఇళ్లకు ఆ కంచం తిరిగిరాని మనిషిది కూడా.

ఇథియోపియాలో పండగ జనవరి 7న. దానికి ముందు 43 రోజుల ఉపవాసం: మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. అందుకే ఆ ఉదయం వండే దోరో వత్‌లో కోడి, మసాలా కాచిన నెయ్యి, ఉడికించిన గుడ్లు, అన్నీ ఒకే గిన్నెలో చేరతాయి. ఉల్లిపాయలను గంటల తరబడి వేయించి, ఎర్రటి బెర్బెరె కారం కలిపి దించిన ఆ కూరను ఇంజెరా రొట్టె మీద పోసి ఇంటిల్లిపాదీ ఒకే పళ్లెంలో తింటారు. క్రిస్మస్ వంటలన్నింటిలో ఉపవాసానికి ఇంత సూటిగా జవాబు చెప్పేది ఇంకోటి లేదనిపిస్తుంది నాకు.

ఇంగ్లండ్‌లో ఏకంగా పండగనే రద్దు చేశారు. 1647లో ప్యూరిటన్ల పార్లమెంటు క్రిస్మస్‌ను నిషేధిస్తే ఆ డిసెంబరులోనే కాంటర్‌బరీ జనం తిరగబడ్డారు. మధ్యలో పోయిన రాచరికం 1660లో తిరిగొచ్చాక పండగా తిరిగొచ్చింది. మాంసంతో కాచిన పాత జావ క్రమంగా ప్లమ్ పుడ్డింగ్ అయింది. 1927లో ఐదో జార్జి రాజు వంటవాడు ఇచ్చిన ‘సామ్రాజ్య పుడ్డింగ్’లో అయితే చాలా దినుసులు వలసదేశాలవే.

ఆ వలసల దారిలోనే కేకు మన దేశానికీ వచ్చింది. కేరళలోని తలశ్శేరిలో మాంబళ్లి బాపు 1883లో తొలి కేకు కాల్చాడని అక్కడివారు గర్వంగా చెప్పుకుంటారు. ఫిలిప్పీన్స్‌లో తెల్లవారుజాము ప్రార్థనలు ముగించుకుని బియ్యప్పిండి, కొబ్బరిపాల బిబింకా తింటారు. ఓవెన్లూ టర్కీ కోళ్లూ అరుదైన జపాన్‌లో 1974 నాటి ప్రకటనల పుణ్యమా అని కెంటకీ చికెన్ పండగ భోజనమైంది. వ్యాపారం పుట్టించిన ఆచారమే అయినా, దాని చుట్టూ కుటుంబం కూర్చున్నాక అది ఆ ఇంటిదే.

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఓవెన్ బదులు బాణలి ఉంది. గవ్వలు, జంతికలు, అరిసెలు, గులాబీ పువ్వులు. గులాబీ పువ్వులకు అచ్చు ముందు నూనెలో బాగా కాగాలి, లేకపోతే పిండి పట్టదు. పిండిలో అంచు దాకానే ముంచాలి. పైకంటా ముంచితే పువ్వు అచ్చును వదలదు. ఇదే పువ్వును ఇలాంటి అచ్చుతోనే స్వీడన్, నార్వేల్లోనూ క్రిస్మస్‌కు వేయిస్తారు.

మన దగ్గర ఈ పండగ చరిత్ర ఆకలితో ముడిపడింది. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం గుత్తకు తీసుకుని కరువు జనానికి పని కల్పించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మెదక్‌లో కరువు రోజుల్లో కూలీలకు తిండి దొరికేలా మిషనరీ పాస్నెట్ కట్టించిన చర్చిని 1924 డిసెంబరు 25నే ప్రతిష్ఠించారు. ఇలా చర్చిలో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. ఊరి విందుల్లో దూరంగా, చివర్న కూర్చోబెట్టినవారు. ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలో జరిగే ప్రేమవిందులో అన్నం, మాంసం కూర వండేదీ వారే, వడ్డించేదీ వారే, ఒకే పంక్తిలో కూర్చుని తినేదీ వారే. సంక్రాంతి పిండివంటల గురించి మన పత్రికలు ఏటా పేజీలకు పేజీలు రాస్తాయి. ఈ పంక్తి గురించి, ఆ గాడిపొయ్యిల దగ్గర నిలబడిన అమ్మమ్మల చేతివంట గురించి రాసింది బహుతక్కువ. చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, అడిగి రాసుకోవాల్సింది ఇప్పుడే.