అమెరికా తొలినాళ్ళు: నవలలు, జీవిత చరిత్రలు



శ్రీరంగపట్నం సంధి మాట మన ప్రాంతాలలో చాలామంది వినే ఉంటారు. 1792లో టిప్పు సుల్తాను సగం రాజ్యం వదులుకుని, ఇద్దరు కొడుకులను జామీనుగా పంపవలసి వచ్చింది. కృష్ణగిరి, ధర్మపురి ఉన్న బారామహల్ కుంఫిణీ చేతికి పోయింది అప్పుడే. ఆ సంధి రాయించుకున్న కారన్‌వాలిస్ దొర ఎవరనుకున్నారు? అంతకు పదకొండేళ్ళ కిందట, 1781లో, అమెరికాలోని యార్క్‌టౌన్ దగ్గర వాషింగ్టన్ సేనకు లొంగిపోయిన సేనానే! కాబట్టి అమెరికా తొలి చరిత్ర మనకు మరీ పరాయి కథేం కాదు.

మన పాఠ్యపుస్తకాలలో ఆ కథ రెండు పేజీలు. తేయాకు పెట్టెలు సముద్రంలో పారబోశారు, స్వాతంత్ర్యం ప్రకటించారు, ప్రశ్నలు-జవాబులు. అందులో మనుషులు కనబడరు. మనుషులు కావాలంటే నవలలు, జీవిత చరిత్రలు చదవాలి. ఇవన్నీ ఇంగ్లీషు పుస్తకాలే.

ఎస్తర్ ఫోర్బ్స్ అనే రచయిత్రితో మొదలుపెట్టండి. ఆమె 1942లో పాల్ రివీర్ అనే బోస్టన్ వెండిపనివాని జీవిత చరిత్ర ప్రచురించి పులిట్జర్ బహుమతి అందుకున్నది. మరుసటి ఏడు పిల్లల కోసం 'జానీ ట్రెమైన్' నవల రాసింది. జానీ కల్పిత పాత్ర. వెండిపని నేర్చుకుంటున్న కుర్రాడు, కరిగిన వెండి పడి చెయ్యి కాలి పనికి దూరమవుతాడు. 1773లో 342 తేయాకు పెట్టెలు సముద్రం పాలైన రాత్రి అతడూ అక్కడ ఉంటాడు. హైస్కూలు పిల్లలు చదవగల ఇంగ్లీషు. ముందు నవల, తరువాత జీవిత చరిత్ర చదివితే ఏది జరిగిందో, ఏది రచయిత్రి అల్లిందో మీకే తెలిసిపోతుంది.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ స్వీయచరిత్ర సరే, అందరూ చెప్పేదే. అచ్చుపనివాడు గనుక తన జీవితంలోని పొరపాట్లను అచ్చుతప్పులన్నాడు. చదవడానికి హాయిగా ఉంటుంది. కాని విప్లవం దాకా రాకుండానే కథ ఆగిపోతుంది.

నన్నడిగితే వీటన్నిటికన్నా గొప్పది లారెల్ థాచర్ ఉల్‌రిక్ 1990లో వెలువరించిన 'ఎ మిడ్‌వైఫ్స్ టేల్'. మెయిన్ ప్రాంతంలో కెన్నెబెక్ నది ఒడ్డున మార్తా బలార్డ్ అనే మంత్రసాని ఉండేది. 1785 నుంచి 1812 దాకా దినచర్య రాసింది. ఈనాడు వాన, ఫలానా ఇంట కాన్పు, కూలి ఇంత, మగ్గం మీద నేత - ఇంతే! పూర్వపు చరిత్రకారులు ఇదంతా అల్పమని పక్కన పెట్టారు. ఉల్‌రిక్ ఆ అల్పవిషయాలనే లెక్కవేసింది. 816 కాన్పులు. గడ్డకట్టిన నది దాటి వెళ్ళిన రాత్రులు. ఆడవాళ్ళ మధ్య ఇచ్చిపుచ్చుకోళ్ళు. ఊరు ఊరంతా లేచి నిలబడుతుంది. మన మంత్రసానులలో ఒక్కరికి చదువు వచ్చి ఉంటే మనకెంత చరిత్ర మిగిలేదో!

కాగితాలు మిగలని చోట నవలకు పని ఉంది. 1665లో హార్వర్డ్‌లో పట్టం పుచ్చుకున్న మొదటి ఆదివాసీ యువకుడు కేలెబ్ గురించి తెలిసింది స్వల్పం. జెరాల్డిన్ బ్రూక్స్ 2011లో 'కేలెబ్స్ క్రాసింగ్' నవల రాసి, కథ చెప్పే బాధ్యత ఒక కల్పిత బాలికకు అప్పగించింది. దాన్ని నవలగానే చదవండి.

మరి సాక్ష్యం ఉండి కూడా నమ్మకపోతే? మనుషులందరూ సమానులని ప్రకటన రాసిన జెఫర్సన్ తన జీవితకాలంలో ఆరువందల మందికి పైగా బానిసలకు యజమాని. ఆయన బానిస శాలీ హెమింగ్స్ కొడుకు మాడిసన్, జెఫర్సనే తన తండ్రి అని 1873లో ఒక పత్రికకు చెప్పాడు. పండితులు చాలాకాలం ఆ మాట కొట్టిపారేశారు. న్యాయశాస్త్రం చదివిన అనెట్ గోర్డన్-రీడ్ 1997లో ఒక పుస్తకం రాసి, ఈ మాటను ఎందుకు తోసిపుచ్చారని నిలదీసింది. మరుసటి సంవత్సరం వచ్చిన డి.ఎన్.ఎ. పరీక్ష మాడిసన్ మాటకే బలం ఇచ్చింది. ఆమె 2008లో రాసిన 'ది హెమింగ్సెస్ ఆఫ్ మాంటిచెల్లో' లావుపాటి పుస్తకం. అందులో ఆ బానిస కుటుంబంలో ఎవరికి వంట వచ్చు, ఎవరికి వడ్రంగం వచ్చు, ఎవరిని ఎవరికి అమ్మారు, అంతా పేర్లతో సహా ఉంది.