యోసెమిటీ: ఫొటోలు తెచ్చిన చట్టం

యోసెమిటీ లోయ కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా పర్వతాల్లో ఉంది. బంగారం వేట జోరుగా సాగుతున్న 1851లో, అక్కడ నివసించే అహ్వానీచీ తెగవారిని వెళ్లగొట్టేందుకు మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం ఆ లోయలో దిగింది. 1859లో చార్లెస్ లియాండర్ వీడ్ అక్కడ మొదటి ఫొటోలు తీశాడు. లోయకు పేరు తెచ్చినవి మాత్రం రెండేళ్ల తర్వాత కార్లటన్ వాట్కిన్స్ తీసిన ఫొటోలు.

అప్పటికి నెగటివ్‌ను పెద్దది చేసి అచ్చు తీసే వీలు దాదాపు లేదు. ఫొటో ఎంత పెద్దది కావాలంటే నెగటివ్ అంత పెద్దది ఉండాల్సిందే. అందుకే వాట్కిన్స్ 18 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవు ఉన్న గాజు పలకలు పట్టే కెమెరా చేయించుకున్నాడు. కెమెరా, పలకలు, రసాయనాలు, గుడారం అన్నీ కంచరగాడిదల మీద కొండదారుల్లో సాగాయి. పలక మీద కొలోడియన్ అనే జిగట ద్రావణం పోసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి, ఆ తడిలోనే చీకటి గుడారంలో కడగాలి. నిమిషాలు ఆలస్యమైతే పలక పనికిరాదు. దుమ్ము, ఎండ, నీటి కొరత అడుగడుగునా అడ్డే. 1861లో అతను ఇలాంటి పెద్ద పలకలు 30, లోతు కనిపించేలా జంటగా తీసే స్టీరియో ఫొటోలు సుమారు 100 తీసుకుని వచ్చాడు.

ఆ ఫొటోల్లో మేఘాలు కనిపించవు. కొలోడియన్ నీలి కాంతికి ఎక్కువగా స్పందిస్తుంది కాబట్టి కొండ సరిగా పడేసరికి ఆకాశం ఒట్టి తెలుపుగా మిగిలేది. ఈ లోపమే కొండల అంచులను స్పష్టంగా నిలబెట్టింది. మనుషులు కూడా అరుదే. అహ్వానీచీలు తరతరాలుగా బతికిన చోటు ఎవరూ అడుగుపెట్టని అడవిలా కనిపించింది. తర్వాతి సంరక్షిత ప్రాంతాల ఊహకు ఇదే మూసగా మారిందనడాన్ని కాదనలేం.

1862 చివర్లో ఈ ఫొటోలను న్యూయార్క్‌లోని గూపిల్ గ్యాలరీలో ప్రదర్శించారు. 1864లో ఒక స్టీమర్ కంపెనీ ప్రతినిధి ఇజ్రాయెల్ వార్డ్ రేమండ్, లోయను కాపాడాలని కోరుతూ సెనేటర్ జాన్ కానెస్‌కు లేఖ రాసి, దానికి వాట్కిన్స్ ఫొటోలు జతచేశాడు. అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగానే, జూన్ 30న అధ్యక్షుడు లింకన్ సంతకంతో లోయ, మారిపోసా మహావృక్షాల తోపు ప్రజల వినియోగం కోసం కాలిఫోర్నియా రాష్ట్రం చేతికి వెళ్లాయి. లింకన్ ఆ ఫొటోలు చూసి కరిగిపోయాడన్న కథకు ఆధారం లేదు. చట్టసభలో దీనికి ఓటేసినవారిలో చాలామంది లోయను ఎన్నడూ చూడనివారు కాబట్టి, ఫొటోల పాత్ర మాత్రం చిన్నది కాదు.

యెల్లోస్టోన్ విషయంలోనూ ఫొటోలు ముందు నడిచాయి. 1871లో హేడెన్ నాయకత్వంలోని భూగర్భ సర్వే బృందంతో యెల్లోస్టోన్ వెళ్లిన విలియం హెన్రీ జాక్సన్ అక్కడి వేడినీటి బుగ్గలను, లోయలను ఫొటోలు తీశాడు. అవి వాషింగ్టన్‌లో చట్టసభ సభ్యుల ముందుకు చేరాయి. 1872 మార్చి 1న యెల్లోస్టోన్ జాతీయ పార్కు ఏర్పడింది.

వాట్కిన్స్‌కు మాత్రం కాలం కలిసిరాలేదు. 1870 దశకంలో అప్పుల్లో గ్యాలరీ పోయింది. నెగటివ్‌లు పోటీదారు ఐజయా టేబర్ చేతిలో పడి, అతని పేరుతోనే అమ్ముడయ్యాయి. వాట్కిన్స్ మళ్లీ కొండలెక్కి కొత్తవి తీశాడు. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం వెంట వచ్చిన మంటల్లో అతని స్టూడియో కాలిపోయింది. అప్పటికే అతనికి చూపు దాదాపు పోయింది. 1916లో నాపాలోని మానసిక చికిత్సాలయంలో మరణించాడు.

అదే 1916లో, 14 ఏళ్ల ఆన్సెల్ ఆడమ్స్ కొడాక్ బ్రౌనీ పెట్టె కెమెరాతో యోసెమిటీకి మొదటిసారి వచ్చాడు. 1927 ఏప్రిల్‌లో అక్కడి హాఫ్ డోమ్ కొండముఖాన్ని ముదురు ఎరుపు ఫిల్టర్‌తో తీసి, ఆకాశాన్ని నలుపుకు తెచ్చాడు. వాట్కిన్స్ చేతిలో తెల్లగా మిగిలిపోయిన ఆకాశాన్ని ఇప్పుడు ఫొటోగ్రాఫర్ తాను కోరిన ఛాయలోకి దించగలిగాడు. 1936లో ఆడమ్స్ సియెరా క్లబ్ అనే ప్రకృతి పరిరక్షణ సంస్థ తరఫున తన ఫొటోలతో వాషింగ్టన్ వెళ్లి, కింగ్స్ కాన్యన్‌ను పార్కు చేయాలని కోరాడు. 1938లో వచ్చిన అతని సియెరా నెవాడా పుస్తకం ప్రతి ఒకటి అంతర్గత శాఖ మంత్రి హెరాల్డ్ ఇకిస్ ద్వారా అధ్యక్షుడు రూజ్వెల్ట్‌కు చేరింది. 1940 మార్చిలో కింగ్స్ కాన్యన్ జాతీయ పార్కు అయింది.