చెరువు కట్ట - ఎలుక బొరియ: చిత్తూరు సీమలో కట్ట కాపుదల చరిత్ర

దేశమునకు వాటిల్లు కీడులను లెక్కించినప్పుడు పూర్వులు ఆరు ఈతిబాధలను పేర్కొనిరి. అతివృష్టి, అనావృష్టి, మిడుతలు, ఎలుకలు, చిలుకలు, పొలిమేరలో పొంచియున్న శత్రురాజులు అనునవి ఆ ఆరు. దండెత్తి వచ్చు రాజుతో సమానముగా ఎలుకను ఒకే పంక్తిలో నిలుపుట నేటివారికి వింతగా తోచవచ్చును. కాని చెరువును నమ్ముకొని బ్రతికిన సీమలో అది వింత కాదు. శత్రురాజు ఒక యేటి పంటను దోచుకొని పోవును. ఎలుక కట్టలో కలుగు చేసినచో పంటతోపాటు చెరువే పోవును. కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లని లోకోక్తి కలదు. చిత్తూరు సీమ కర్షకునకు దాని తిరుగుడు రూపమే బాగుగ తెలియును. కొండవంటి కట్టను ఇచ్చట ఎలుకయే త్రవ్వును.

ఈ సీమలో ఏడాది పొడుగునను పారు నది లేదు. స్వర్ణముఖి, నీవా, బాహుదా, పింఛ, అరణియారు మొదలగునవి వానలకు పొంగి, వేసవికి ఇసుక మేటలుగా మిగులు ఏరులు. కావున పూర్వులు గుట్టల నడుమ మట్టికట్ట వేసి వాననీటిని నిలిపి, తూము ద్వారా మడులకు పారించుకొనిరి. ఒక చెరువు నిండి మొరవ పారినచో ఆ నీరు దిగువ చెరువును చేరును. ఇట్లు చెరువులు గొలుసుకట్టుగా వెలసెను. పై కట్ట యొకటి తెగినచో ఆ వరద క్రింది కట్టలను గూడ తెంచుకొని పోగలదు. 1850 దశకమున మద్రాసు రాజధానిలోని నీటివనరులను పరిశీలించిన ఇంజనీరులు పదునాలుగు జిల్లాలలో 43 వేల చెరువులు వాడుకలో నున్నవనియు, మరి 10 వేలు పాడుపడి యున్నవనియు, వాని కట్టల పొడవు మొత్తము 30 వేల మైళ్ళుండుననియు అంచనా వేసిరి. 1911లో చిత్తూరు జిల్లా, 2022లో తిరుపతి జిల్లా ఏర్పడెను. పాలన పొలిమేరలు ఎన్ని మారినను, కట్టను అడుగడుగునను ఎవరో యొకరు నడచి చూడవలసిన అవసరము మాత్రము మారలేదు.

కట్టకు కీడు ఎచ్చటనుండి వచ్చునో పూర్వులు చక్కగా నెరిగియుండిరి. పొరుగుననున్న కడప మండలములోని పోరుమామిళ్ళ శాసనము దీనికి సాక్ష్యము. బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు ఉదయగిరి ప్రాంతమును పాలించుచు అచ్చట అనంతరాజసాగరమను చెరువును కట్టించి, 1369లో ఆ శాసనమును వేయించెను. దినమునకు వేయిమంది కూలీలు, రాతిపనికి నూరు బండ్లు, రెండేండ్ల కాలము ఆ పనికి పట్టెను. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, దానికి పట్టు ఆరు దోషములను శాసనము వివరించును. ఆ దోషములలో మొట్టమొదట చెప్పబడినది కట్టనుండి నీరు ఊరుట. చవుడు నేల, రెండు రాజ్యముల పొలిమేర, చెరువు నడుమ మిట్ట, నీరు కొరతయై ఆయకట్టు మిక్కుటమగుట, నీరు మిక్కుటమై నేల కొరతయగుట అనునవి తరువాతివి. ఆ చెరువు ఆరున్నర శతాబ్దములు దాటి నేటికిని నిలిచియున్నది.

ఈ తెలివి అన్నిచోట్లను ఒకే తీరుగ పనిచేయలేదు. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు పేయస్, శ్రీకృష్ణదేవరాయలు కట్టించుచున్న గొప్ప చెరువొకటి రెండు మూడు మారులు తెగిపోయెననియు, దైవాగ్రహ మని తలచి మనుష్యులను, గుఱ్ఱములను, దున్నలను బలి యిచ్చిరనియు వ్రాసియున్నాడు. తెగిన కట్టను చూచి దేవుని కోపమును వెదకుట యొక మార్గము. ఊటను వెదకుట రెండవ మార్గము. పోరుమామిళ్ళ శాసనకారుడు చూపినది రెండవ మార్గము.

ఊటకును బొరియకును గల సంబంధము తెలిసికొనదగినది. ఏ మట్టికట్టయు నీటిని పూర్తిగా ఆపజాలదు. నీరు మట్టి రేణువుల నడుమ మెల్లగా నడచి, వెలుపలి అడుగున తేటగా ఊరును. నడచు దారి ఎంత పొడవైన నీటి వేగమంత తగ్గును. బొరియ ఆ దారిని కుదించును. ఇరువది అడుగుల మందము గల మట్టిలో పండ్రెండడుగులు బొరియయే యైనచో నీటికి ఎదురు నిలుచునది ఎనిమిది అడుగుల మట్టి మాత్రమే. వేగము పెరిగిన నీరు సన్నమట్టిని మోసికొనిపోవును. మట్టి పోయిన కొలది రంధ్రము పెద్దదగును. రంధ్రము పెద్దదైన కొలది మరింత మట్టి పోవును. పల్లెలలో దీనినే బుంగ పడుట యందురు. బుంగ పైకప్పు కూలి కట్ట క్రుంగినప్పుడు నీరు దానిమీదుగా దూకును. అదియే గండి. ఊట తేటగా నున్నంతవరకు కంగారు పడనక్కరలేదు. అది బురదనీరుగా మారినచో కట్ట లోలోపల కరగుచున్నదని తెలిసికొనవలెను.

కట్టను తొలుచు ప్రాణులు పెక్కు గలవు. వానిలో పందికొక్కు ముఖ్యమైనది. మడిలో నీరుండగా పల్లపు నేల దానికి పనికిరాదు. మెరకయై, మెత్తనై, పంటకు దగ్గరగానున్న కట్టయే దానికి కోట. రాత్రివేళ త్రవ్వి, క్రొత్తమన్ను వాకిట కుప్పవోసి, వరికంకులను లోపలి గదులలో దాచుకొనును. ఎండ్రకాయ నీటి అంచున బొరియ వేయును. నీరు తగ్గిన కొలది తేమను వెదకుచు ఇంకను లోతునకు పోవును. చెదపురుగు కట్టలో గుల్లగదులు కట్టి పైన పుట్ట లేపును. ఏదుపంది, నక్క పొదల చాటున పెద్ద బిలములు త్రవ్వును. చెరువు ఎండియున్న వేసవిలో లోకట్ట వైపున గూడ బొరియలు పడును. ఆశ్వయుజ కార్తిక మాసములలో ఈశాన్యపు వానలకు చెరువు నిండినప్పుడు, నీరు ఆ బొరియల వాకిళ్ళను చేరును. వేసవిలో ఎవరును చూడని కన్నము కార్తికమున ఊరినంతటిని మేలుకొల్పును.

కావున కట్టకు కావలసినది నిత్యము నడచు కాలు, నిత్యము చూచు కన్ను. ఆ పనికి పూర్వులు కూలి నిర్ణయించిరి. నీరుగంటి తూము తీయుట, మూయుట, మడులకు వంతులవారీగా నీరు పంచుట, కట్టపై తిరిగి చూచుట చేయుచుండెను. రైతులు కళ్ళములో అతనికి ధాన్యము మేరగా కొలిచిరి. చెరువు త్రవ్వించి, దానిని బాగుగ నిలిపినవానికి దశబంధమను పేర ఇనాము భూమి లభించుచుండెను. చెరువు చెడినచో ఆ భూమికి ఆధారమే పోవును. కావున ఇనాముదారునకు కట్టమీద కన్నుండెను. తిరుమల శ్రీవారి ఆలయమునకు 15, 16 శతాబ్దములలో భక్తులు సమర్పించిన ద్రవ్యమును శ్రీభండారమువారు దేవస్థాన గ్రామములలో చెరువులు, కాలువలు త్రవ్వించుటకు వినియోగించి, అందువలన పెరిగిన పంటతో నైవేద్యములు జరిపించిరని అచ్చటి శాసనములు తెలుపుచున్నవి. స్వామివారి ప్రసాదమునకును పల్లెలోని మట్టికట్టకును ఇట్లు ముడిపడియుండెను.

ఎలుకను పట్టు విద్య ఈ సీమలో యానాదులది. అడుగున రంధ్రము గల కుండలో గడ్డి కూరి నిప్పు పెట్టి, కుండ మూతిని బొరియ వాకిట బోర్లించి, రంధ్రమునుండి ఊదుదురు. పొగ లోపలి దారులన్నిటను వ్యాపించి ఇతర వాకిళ్ళనుండి వెలువడును. ఎన్ని వాకిళ్ళున్నవో, అవి యెచ్చట కలియునో ఆ పొగయే చూపును. ఎలుకయు, అది దాచిన ధాన్యమును వారికి దక్కును. చదువుకొన్న ఇంజనీరునకు కంటికి కానరాని కట్ట లోపలి దారిని వారు పొగతో చదివిరి. జీతము, బత్తెము లేని ఆ సేవకు చెరువులు ఋణపడియున్నవి.

అయితే ఎలుక చచ్చినను బొరియ చావదు. జింక్ ఫాస్ఫైడు వంటి మందులు వచ్చిన పిమ్మట పెక్కుమంది ఈ సంగతిని మరచిరి. ఎలుకకొరకు గడ్డపారతో కట్టను త్రవ్వి అట్లే విడిచిన గుంత, ఎలుక బొరియకంటె ప్రమాదకరము. వాకిట ఒక రాయి దూర్చి మట్టి మెత్తుట గూడ మోసమే. లోపలి ఖాళీ అట్లే యుండును. బొరియను చివర వరకు త్రవ్వి తెరచి, తడిపిన బంకమట్టిని పలుచని వరుసలుగ వేసి, వరుసవరుసకును దిమ్మిసతో గట్టిగ కొట్టవలెను. చెరువుపనిలో తరతరముల నేర్పు గల వడ్డెరలు ఈ పని తీరును బాగుగ నెరుగుదురు. లోకట్టకు రాతికట్టుబడి చేయుట, పొదలను వేళ్ళతో సహా తీసివేయుట, గడ్డిని పొట్టిగ నుంచుట, ఎలుకలను తిను గుడ్లగూబను, జెర్రిపోతును చంపకుండుట తక్కిన జాగ్రత్తలు. ఎలుకల పీడకు పిల్లులను, ముంగిసలను విడువవలెననియు, ఎలుకల పన్ను విధింపవచ్చుననియు కౌటిల్యుడు అర్థశాస్త్రమున చెప్పియున్నాడు.

నిండు చెరువున బుంగ పడినచో విధానము వేరు. లోపలివైపు నీటిలో సుడి కనబడినచోట బుంగ వాకిలి యుండును. గడ్డిమోపులు, ఇసుక మూటలు అచ్చట దింపవలెను. వెలుపల నీరు ఉబుకుచోట మూయరాదు. మూసినచో నీరు మరియొక దారి వెదకికొనును. దాని చుట్టును ఇసుక మూటలతో గుండ్రముగ గోడ కట్టి, అందు కొంత నీరు నిలువనిచ్చినచో లోపలి వేగము తగ్గును. మొరవ మార్గమును తెరచి చెరువు మట్టమును తగ్గించుటయు అవసరము.

ఇట్టి పోరు ఈ సీమకే పరిమితము కాదు. సముద్రమట్టముకంటె పల్లముననున్న హాలెండు దేశము కట్టలవలననే బ్రతుకుచున్నది. 1905లో ఒక రాజకుటుంబీకుడు ఉత్తర అమెరికానుండి బొహీమియాకు తెచ్చి విడిచిన కస్తూరి ఎలుకలు ఐరోపాయంతట వ్యాపించి, 1941 నాటికి హాలెండు చేరెను. నాటినుండి ఆ దేశము వానిని పట్టుటకే జీతగాండ్రను నియమించి, ఆ పనిని నీటి పాలనలో భాగముగ చేసికొన్నది. పచ్చిక పరచిన చిన్న విమానరంగములలోను ఇదే బాధ గలదు. పరుగిడు విమానపు చక్రము బొరియలో దిగబడినచో ప్రమాదము తప్పదు. అచ్చటను నడచి చూచుట, త్రవ్వి పూడ్చుట, అదిమి గట్టిపరచుట అనునవే చేయుచున్నారు.

పాత ఏర్పాటు ఒక్కమారుగ చెడలేదు. ఊరివారందరు కలిసి చేయు కుడిమరామత్తు కంపెనీ పాలనలో సడలెను. దానిని నిలుపుటకు 1858లో మద్రాసు రాజధానికి నిర్బంధ శ్రమ చట్టము వచ్చెను. కట్టకు గండి పడు ప్రమాదమున్నప్పుడు శ్రమజీవులను పిలువనంపుటకు, ఆచారముగ చేయవలసిన మరామత్తును చేయించుటకు అది అధికారము నిచ్చెను. ప్రీతితో చేసిన పనిని చట్టముతో చేయింపబూనినప్పుడే దాని బలము తగ్గెనని గ్రహింపవచ్చును. 1883లో చెరువుల పునరుద్ధరణ పథకము ఆరంభమై, కట్టల కొలతలు, మొరవల మట్టములు నమోదగుటకు మార్గమేర్పడెను. అది మంచిపనియే. కాని పుస్తకములోని కొలత రాత్రి త్రవ్వబడిన బొరియను చూడజాలదు.

స్వాతంత్ర్యానంతరము మార్పులు త్వరపడెను. 1956 నాటి ఇనాముల రద్దు చట్టముతో ఇనాము భూములు రైతువారీ పట్టాలుగా మారసాగెను. దున్నువానికి అది న్యాయము చేకూర్చినను, భూమికిని సేవకును గల పాతముడి వదలెను. దాని స్థానమున క్రొత్తముడి పడలేదు. విద్యుత్ పంపులు, గొట్టపుబావులు వచ్చిన పిమ్మట సంపన్న రైతు చెరువువైపు చూచుట మానెను. 1877లో తెప్పించి, కడప మండలములోని కమలాపురము ప్రాంతమున తొలుత పెంచిన సర్కారు తుమ్మ క్రమముగ కట్టలనెల్ల ఆక్రమించెను. దాని ముళ్ళపొదలలో మనిషి నడువలేడు; పందికొక్కు మాత్రము సుఖముగ నుండును. 1997లో వచ్చిన చట్టము ఆయకట్టు రైతులకు నీటి వినియోగదారుల సంఘములను కల్పించి, చెరువు బాధ్యతను మరల వారి చేతికిచ్చు ప్రయత్నము చేసెను.

2021 నవంబరు వానలు ఈ చరిత్రనంతటిని ఒక్కమారు గుర్తుచేసెను. ఆ నెల 19వ తేదీన చెయ్యేటిపైగల అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరదకు కొట్టుకొనిపోగా, దిగువ గ్రామములలో పలువురు ప్రాణములు కోల్పోయిరి. వెనువెంటనే తిరుపతికి సమీపమున, రామచంద్రాపురము మండలములో, విజయనగర కాలపుదిగా పేరొందిన రాయలచెరువు కట్టనుండి నీరు ఊరుట కనబడెను. దిగువ గ్రామములవారిని మెరక ప్రాంతములకు తరలించి, ఇసుక మూటలతో కట్టను బలపరచిరి. కట్ట నిలిచెను, ఊళ్ళు నిలిచెను. ఈ రెండుచోట్లను ముంచెత్తిన వరదయే ప్రధాన కారణము. అయినను రాయలచెరువును గూర్చి గమనింపదగిన విషయ మొకటి గలదు. ఊటను సకాలమున ఎవరో చూచిరి. చూచినవారి మాటను వినిరి.

చెరువు నిండి మొరవ పారిననాడు గంగమ్మకు పూజచేయుట ఈ పల్లెల ఆచారము. ఆ పూజకు కట్టమీదికి నడచి పోవలెను. వేసవిలో చెరువు ఎండిననాడు గూడ అట్లే ఊరంతయు ఒకసారి కట్టపై నడచి, కనబడిన ప్రతి బొరియకును సున్నపు గుర్తు పెట్టి, వానలకు ముందే పూడ్చిన చాలును. ఎలుకలు లేని కాలము పూర్వము లేదు, ఇకమీదట రాదు. పూర్వపు కట్టలు శతాబ్దములు నిలుచుటకు కారణము వానిమీద మనుష్యులు నడచుటయే.