కలుపు మందు కొట్టే తోటమాలి: చట్టం, శిక్షణ, మన బాధ్యత

హూడిలో ఏళ్ల తరబడి స్థిరపడిన మన కుటుంబాల్లో కొందరికి సొంత పెరడు ఉంది, కొందరు అపార్ట్‌మెంట్ల సంఘాల్లో సభ్యులు. నాలుగు వానలు పడితే చాలు, గరిక, తుంగ, వయ్యారిభామ మోకాలెత్తు లేస్తాయి. తోటమాలిని పిలిచి "ఏదో ఒక మందు కొట్టెయ్యి" అంటాం. ఈ విషయంలో చట్టం ఏమంటుందో సభ్యుల సౌకర్యం కోసం కింద ఇస్తున్నాను.

ఏ చట్టం?

1968 నాటి పురుగుమందుల చట్టం, దాని కింద వచ్చిన 1971 నియమాలు. పేరులో పురుగుమందు అని ఉన్నా, కలుపు మందులు కూడా ఈ చట్టం పరిధిలోకే వస్తాయి.

సొంత పెరడు వేరు, కూలి పని వేరు

ఎవరైనా తమ ఇంటి అవసరానికో, పెరటి తోటకో, తాము సాగు చేసే భూమికో మందు వాడుకుంటే చట్టంలోని 38వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. డబ్బు తీసుకుని ఇతరుల స్థలాల్లో మందు కొట్టడాన్ని వ్యాపారంగా చేసేవారికి ఆ మినహాయింపు లేదు. వారు 13వ సెక్షన్ కింద రాష్ట్ర లైసెన్సు అధికారి వద్ద లైసెన్సు పొందాలి. ఇలాంటివారినే పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు అంటారు. అపార్ట్‌మెంటు సంఘం కాంట్రాక్టు ఇచ్చేటప్పుడు ముందుగా అడగవలసింది ఈ లైసెన్సునే.

శిక్షణ ఎవరికి?

లైసెన్సుకు దరఖాస్తు చేసే వ్యక్తికి వ్యవసాయంలో గానీ, రసాయనశాస్త్రం ఒక సబ్జెక్టుగా సైన్సులో గానీ డిగ్రీ ఉండాలి. కనీసం 15 రోజుల శిక్షణ సర్టిఫికెట్టు కూడా ఉండాలి. నియమాల్లో పేర్కొన్న శిక్షణ సంస్థల్లో రెండు మనకు దగ్గరివే. ఒకటి మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ. రెండోది హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల సంరక్షణ శిక్షణ సంస్థ. దాని ఇప్పటి పేరు జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ.

బ్రిటన్‌లో వృత్తిగా మందు కొట్టే ప్రతి ఒక్కరికీ సొంత సర్టిఫికెట్టు ఉండాలి. మన దేశంలో పంపు మోసే మనిషికి విడిగా పరీక్ష లేదు. అయితే జాగ్రత్తలపైనా, రక్షణ సామగ్రి వాడకంపైనా పనివారికి తగిన శిక్షణ ఇప్పించే బాధ్యతను 42వ నియమం ఆపరేటరు మీద పెట్టింది. రక్షణ దుస్తులు, ముఖానికి తగిన మాస్కు, ప్రథమ చికిత్స సామగ్రి, వైద్య పరీక్షల గురించి కూడా నియమాలు ఉన్నాయి. కాబట్టి ఉత్త చేతులతో, చెప్పులు లేకుండా మందు కలుపుతున్న మనిషి కనబడితే, తప్పు అతనొక్కడిది కాదు.

గ్లైఫోసేట్ సంగతి

మన దేశంలో గ్లైఫోసేట్‌కు అనుమతి ఉన్నది టీ తోటలకు, పంట లేని స్థలాలకు. 2022 అక్టోబరులో కేంద్ర వ్యవసాయ శాఖ ఒక ఉత్తర్వు ఇస్తూ, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప వేరెవరూ దీన్ని వాడరాదంది. పరిశ్రమ వర్గాలు దాన్ని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేశాయి. అందువల్ల కొనేముందు డబ్బా మీది షరతులు చదవాలి, వ్యవసాయ శాఖ అధికారిని అడిగి నిర్ధారించుకోవాలి.

డబ్బా మీద చూడవలసినవి

లేబుల్‌పై వజ్రాకారపు గుర్తు ఉంటుంది. ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు అధిక విషపూరితం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ స్వల్పం. ఆకుపచ్చ ఉన్నంత మాత్రాన నిర్లక్ష్యం తగదు. లోపలి కరపత్రం హిందీ, ఇంగ్లీషుతో పాటు ఆ ప్రాంతపు భాషలో కూడా ఉంటుంది. తోటమాలికి కన్నడం చదవడం రాకపోతే మనమే చదివి తెలుగులో చెప్పాలి.

మందును నీళ్ల సీసాలోకో, కూల్‌డ్రింకు సీసాలోకో ఎన్నడూ మార్చకూడదు. పారాక్వాట్ అనే కలుపు మందుకు విరుగుడు లేదు. ఒక్క గుక్క మింగినా ప్రాణం పోవచ్చు. ఖాళీ డబ్బాలు మళ్లీ వాడకానికి పనికిరాకుండా పగలగొట్టి, జనావాసాలకు దూరంగా పూడ్చాలని 44వ నియమం చెబుతుంది. పంపు కడిగిన నీటిని వాననీటి కాలువలో పోయరాదు. ఆ కాలువలు చివరికి చేరేది చెరువులకే.

మందు లేని దారి

చిన్న స్థలంలో పార, కొడవలి చాలు. పూత రాకముందే వయ్యారిభామను చేతికి తొడుగు వేసుకుని వేళ్లతో సహా పీకితే గింజ రాలదు. ఈ మొక్క ఆకులు తినే మెక్సికో పెంకు పురుగును 1984లో బెంగళూరులోనే విడిచిపెట్టారు. వానకాలంలో ఆ పురుగులు కనబడిన చోట మందు కొట్టకపోవడమే మేలు.

ప్రమాదం జరిగితే

ఒంటి మీద పడితే తడిసిన బట్టలు వెంటనే విప్పించి, సబ్బు నీటితో కడగాలి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి. మింగితే, డాక్టరు చెప్పనిదే వాంతి చేయించకూడదు. 108కి ఫోన్ చేసి, మందు డబ్బాను కూడా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం ఉచిత నంబరు 1800 116 117.

సంఘాల సభ్యులకు మనవి: వచ్చే కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు లైసెన్సు నకలు, శిక్షణ సర్టిఫికెట్టు, వాడే మందుల పేర్లు, పనివారికి ఇచ్చే రక్షణ సామగ్రి జాబితా, ఈ నాలుగూ రాతపూర్వకంగా తీసుకుని ఫైలులో ఉంచుకోగలరు. మందు కొట్టే రోజును ముందుగా నోటీసు బోర్డులో వేస్తే, తల్లులు పిల్లల్ని ఆ పక్కకు పంపకుండా చూసుకుంటారు.