టెంకాయ తోటల్లో కొమ్ము పురుగు వైరస్

కొమ్ము పురుగు టెంకాయ చెట్టు మొవ్వును తొలిచే నల్లని పెంకు పురుగు. శాస్త్రీయ నామం ఒరిక్టెస్ రైనోసెరస్. విచ్చుకోని లేత ఆకును ఇది కొరికేయడం వల్ల ఆకు విప్పారాక విసనకర్రలా కత్తిరించినట్టు కనిపిస్తుంది. పూతగెలలు దెబ్బతింటాయి, లేత మొక్కలు చచ్చిపోతాయి, అది చేసిన రంధ్రం గుండా ఎర్రముక్కు పురుగు చొరబడి చెట్టునే కూలదోస్తుంది. నష్టం చెట్టు తల మీద కనిపించినా పురుగు పుట్టేది పెంట దిబ్బల్లో, కుళ్లిన మొద్దుల్లో. నెల్లూరు జిల్లాలోని బుచ్చిరెడ్డిపాలెం, కోవూరు ప్రాంతం కనిగిరి జలాశయం నీటితో వరి పండే సీమ. పొలానికి పశువుల ఎరువు కావాలి కనుక దిబ్బ తప్పదు, పెరట్లోనో గట్టు మీదో టెంకాయ చెట్టూ తప్పదు. ఒకరి దిబ్బలో పుట్టిన పురుగు రాత్రివేళ ఎగిరి మరొకరి చెట్టు ఎక్కుతుంది. చెట్టు చెట్టుకూ మందు పెట్టే పద్ధతికి ఇది సులువుగా లొంగకపోవడానికి కారణం ఇదే. ఈ పురుగుకు జబ్బు తెప్పించే వైరస్ చరిత్రను కూడా ఈ వైపు నుంచే చదవాలి. ఒక సీమ మొత్తంలో పురుగుల మధ్య కాపురముండే అంటుజబ్బుగా వదిలినప్పుడు వైరస్ ఫలించింది. సీసాలో పోసి అమ్మే మందుగా చూసినప్పుడు నిరాశపరిచింది.

పురుగులకు వైరస్ జబ్బులు వస్తాయని పట్టు పెంపకందారులకు ఏనాడో అనుభవంలో ఉంది. 1527లో ఇటలీ కవి మార్కో విదా పట్టుపురుగుల మీద రాసిన కావ్యంలో ఆ జబ్బు లక్షణాలు ఉన్నాయి. 1856లో మయెస్త్రి, కొర్నాలియా జబ్బుపడిన పట్టుపురుగుల్లో స్ఫటికాల వంటి రేణువులను చూశారు. వాటిలో కడ్డీల ఆకారంలో వైరస్ ఉందని 1947లో బెర్గోల్డ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూపాడు. జబ్బును ఆయుధంగా వాడే పని 20వ శతాబ్దం నడుమ కాలిఫోర్నియాలో స్టైన్‌హౌస్ చేతుల్లో పుంజుకుంది.

కొమ్ము పురుగు కథ పసిఫిక్ దీవుల్లో మలుపు తిరిగింది. 1909లో సింహళం నుంచి రబ్బరు మొక్కలతో పాటు ఈ పురుగు సమోవా చేరింది. 1921లో టోంగా దీవుల్లో, 1942లో పలావులో, 1953లో ఫిజీలో కాలుపెట్టింది. పలావులో పదేళ్లలో సుమారు సగం టెంకాయ చెట్లు పోయాయి. అదే పురుగు దక్షిణ, ఆగ్నేయాసియాల్లో అంతటి వినాశనం చేయలేదంటే ఇక్కడ దాన్ని అదుపుచేసే శత్రువేదో ఉండాలన్న ఆలోచనతో జర్మన్ శాస్త్రవేత్త అలోయిస్ హ్యూగర్ దక్షిణ పసిఫిక్ సంఘం తరఫున వెతుకులాట మొదలుపెట్టి, 1963లో మలేషియాలో జబ్బుపడిన పిల్ల పురుగులను కనుగొన్నాడు. 1966లో ఆ వైరస్ వివరాలు ప్రకటించాడు. ఇప్పుడు దీన్ని నూడీవైరస్‌ల కోవలో చేర్చారు. 1967లో కార్ల్ మార్షల్ పశ్చిమ సమోవాలో వైరస్ కలిపిన కుప్పలు పెట్టాడు. అవి పిల్ల పురుగులను చంపడానికి ఉద్దేశించినవి. అయితే జబ్బు ఆ కుప్పలను దాటి, ఎవరూ వైరస్ పెట్టని చోట్లకు కూడా పాకింది. ఎందుకో 1970ల ఆరంభంలో హ్యూగర్, జెలాజ్నీ పరిశోధనలతో తేలింది. వైరస్‌ను మోసేది రెక్కలొచ్చిన పెద్ద పురుగే. దాని పేగులో వైరస్ పెరుగుతుంది, మలంతో పాటు బయటపడుతుంది, జత కట్టేటప్పుడూ గుడ్లు పెట్టే చోటా ఇతర పురుగులకు అంటుతుంది. జబ్బుపడిన ఆడపురుగు గుడ్లు పెట్టడం మానేస్తుంది, తిండి తగ్గిస్తుంది, కొద్ది వారాల్లో చస్తుంది. చచ్చేలోపు ఎగిరి తిరుగుతుంది కనుక జబ్బును తానే పంచుతుంది. ఈ అద్భుతమైన పరిశీలన పద్ధతినే మార్చివేసింది. కుప్పలు మానేసి, పెద్ద పురుగులను పట్టి వైరస్ ద్రావణంలో ముంచి వదలడం మొదలైంది. ఫిజీ, టోంగా, మారిషస్, మాల్దీవులు ఈ దారి పట్టాయి.

భారతదేశంలో 1983లో కేరళ పురుగుల్లో ఈ వైరస్ సహజంగానే ఉందని వెల్లడైంది. కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ కాయంకుళం కేంద్రం దీని మీద పనిచేసి, లక్షద్వీపాల్లోని మినికాయ్‌లో జబ్బు పురుగులను వదిలింది. హెక్టారుకు 10 నుంచి 15 పురుగులు వదలాలన్న సిఫారసు నేటికీ ఉంది. ఆంధ్రలో టెంకాయ పురుగుల జీవనియంత్రణకు ముఖ్య కేంద్రం కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం. 1989 నవంబరులో కావలి దగ్గర, 1996 నవంబరు 6న కోనసీమలో తుఫానులు తోటలను పడగొట్టాయి. కూలిన మొద్దులు కుళ్లితే కొమ్ము పురుగుకు అవే పురిటిళ్లు కనుక, తీరం వెంట ఈ వైరస్ అవసరం ప్రతి తుఫాను తర్వాతా పెరుగుతుంది.

తెలుగు రైతుకు ఎక్కువగా తెలిసిన పురుగు వైరస్ మాత్రం ఎన్‌పీవీ (న్యూక్లియర్ పాలీహెడ్రోసిస్ వైరస్). శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగుల మీద బెల్లం కలిపి, ఎండ తగ్గాక సాయంత్రం కొట్టే ద్రావణం అది. ఏటా కోసేసే పంటలో జబ్బు నిలవడానికి చోటు తక్కువ కనుక మళ్లీమళ్లీ కొట్టక తప్పదు. దశాబ్దాలు నిలిచే తోటకు ఆ ఇబ్బంది లేకున్నా, చల్లే అలవాటు తోటల్లోకీ వచ్చింది. ఆపిల్ కాయ తొలుచు పురుగు వైరస్ 1963లో మెక్సికోలో దొరికింది. ఐరోపా తోటల్లో అది చక్కగా పనిచేసింది గాని, ఏళ్ల తరబడి ఒకే రకాన్ని చల్లిన కొన్నిచోట్ల 2000 దశకంలో పురుగు తట్టుకోవడం నేర్చింది. అప్పుడు వేరే రకాల వైరస్‌ను వెతికి తేవలసి వచ్చింది.

కేరళలో వైరస్ ముందే ఉంటే అక్కడ కొమ్ము పురుగు ఇంకా ఎందుకుందన్నది బలమైన ఆక్షేపణ. వైరస్ పురుగును తుడిచిపెట్టదు, తుడిచిపెడితే తానూ మిగలదు. అది చేసేది సంఖ్యను తగ్గించి ఉంచడం. దిబ్బలు, మొద్దులు విచ్చలవిడిగా ఉంటే పుట్టే పురుగులు చచ్చేవాటిని మించిపోతాయి. అందుకే వైరస్‌తో పాటు దిబ్బల్లో మెటారైజియం శిలీంధ్రం కలపడం, ఇనుప కొక్కెంతో మొవ్వులోని పురుగును లాగడం, ఫెరమోన్ బుట్టలు కట్టడం కలిసి నడవాలి. ఆలస్యంగా చంపుతుందన్న ఫిర్యాదు నిజమే గాని, వెంటనే చచ్చే పురుగు జబ్బును పంచలేదు కదా. మనుషులకూ పశువులకూ ప్రమాదమన్న భయానికి ఆధారం లేదు. ఈ వైరస్ సోకేది కొమ్ము పురుగుకూ దాని దగ్గరి బంధువులైన కొన్ని పెంకు పురుగులకే. అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ పసిఫిక్‌లోని గ్వామ్ దీవి నుంచి వచ్చింది. 2007లో అక్కడ కనిపించిన కొమ్ము పురుగు తెగ అప్పటిదాకా వాడిన వైరస్ రకాలకు లొంగలేదు. ఆ తెగ 2013లో హవాయికి, 2015లో సాలమన్ దీవులకు పాకింది. దీనివల్ల పద్ధతి తప్పని తేలదు. ఒక్క రకాన్నే నమ్ముకోకుండా కొత్త రకాలను వెతుకుతూ ఉండాలని తేలుతుంది.

చల్లదనం లేనిదే ఎక్కువ రోజులు నిలవని ఈ వైరస్‌ను పురుగుమందుల దుకాణం అరలో పెట్టలేరు, ఒక్క రైతు తన తోట మట్టుకే వాడుకున్నా ఫలితం దక్కదు. జబ్బు పురుగులను సిద్ధం చేసి ఊరి మొత్తానికి ఒకేసారి వదిలే బాధ్యత ఉద్యాన శాఖ తీసుకోవాలి. అదే వారంలో దిబ్బలు తిరగేసి పిల్ల పురుగులను ఏరే పని ఊరి రైతులది.