జహీరాబాద్ బడుల్లో గోలీలు, సూదులు

ఏటా ఫిబ్రవరి 10 దరిదాపుల్లో జహీరాబాద్ సర్కారు బడుల్లో మధ్యాహ్న భోజనం కాగానే పిల్లల్ని ఆటలకు వదలరు. తలా ఒక ఆల్బెండజోల్ గోలీ చేతిలో పెడతారు. 400 మిల్లీగ్రాముల గోలీ. గుటుక్కున మింగేయడం కాదు, టీచరు కళ్లముందే నమలాలి. ఇంటికెళ్లి వేసుకుంటామంటే ఒప్పుకోరు. ఒంట్లో బాగాలేని పిల్లలకు ఆ రోజు ఇవ్వరు. వాళ్లకూ, బడికి రాని వాళ్లకూ కొద్దిరోజులకు మరో విడత ఉంటుంది. 2015లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై దేశమంతా పాకిన నులిపురుగుల నిర్మూలన దినం నియమాలివి. ఊళ్లో పెద్దవాళ్లకు మాత్రం ఇది ఉత్త నట్టల మందు. గొర్రెలకు తాపేదీ అదే కదా అని నవ్వుతారు. ఆ మాటలో తప్పేం లేదు, ఆల్బెండజోల్ మొదట పశువుల మందుగానే పుట్టింది.

బడిలో పిల్లల ఒంటిని పరీక్షించాలన్న ఆలోచన మన దేశంలో మొదట ఆచరణలోకి వచ్చింది బరోడా నగరంలో, 1909లో. అదీ ఒక సంస్థానమే. అప్పటికి జహీరాబాద్ మరో సంస్థానంలో, నిజాం ఏలుబడిలో ఉండేది. బరోడాలో మొదలైనది దేశమంతా పాకడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. 1946లో భోర్ కమిటీ లెక్క తీసినప్పుడు దేశంలో బడి ఆరోగ్య సేవలు దాదాపు లేనట్టేనని తేలింది. 1960లో రేణుకా రే అధ్యక్షతన కేంద్రం మరో కమిటీ వేసింది. ఆ మరుసటి ఏడాదే నివేదిక వచ్చింది. తర్వాత చాలాకాలం అది అల్మరాలోనే ఉంది.

రేణుకా రే కమిటీ కన్నా ముందే బడిలో అడుగుపెట్టింది సూది. క్షయకు వేసే బీసీజీ టీకా మన దేశంలో 1948లో మదనపల్లెలో మొదలైంది, 1951 నుంచి పెద్ద ఎత్తున సాగింది. ఆ రోజుల్లో ఒక్క పోటుతో పని అయ్యేది కాదు. ముందు ట్యూబర్‌క్యులిన్ పొడిచి, మూడు రోజులకు మళ్లీ వచ్చి చెయ్యి చూసేవారు. ఉబ్బితే వదిలేయడం, ఉబ్బకపోతే టీకా వేయడం. మొదటి పోటు రుచి చూసిన పిల్లలు మూడో రోజున బడికి రావాలంటే టీచరు ఎంత బతిమాలాలో ఊహించుకోవచ్చు. పెద్దల్లోనూ అనుమానాలు లేకపోలేదు. 1955లో సాక్షాత్తూ రాజాజీయే బీసీజీని బాహాటంగా వ్యతిరేకించారు.

అయితే రాతలో లేని నియమం ఒకటి వీటన్నిటికన్నా పాతది, అది ఇళ్లది. తట్టు పోసినా, అమ్మవారు పోసినా గుమ్మానికి వేపమండలు కట్టి, పొక్కులు మాడి స్నానం పోసేదాకా పిల్లను గడప దాటనిచ్చేవారు కాదు. పోచమ్మ మీద భయంతో చేసినా, పక్కపిల్లలకు సోకకుండా కొంతవరకు కాపాడింది ఆ ఆచారమే. వైద్యులు చెప్పే ఏకాంతవాసానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

జహీరాబాద్‌కు ఇంకో చిక్కు ఉంది, సరిహద్దు. 1956 దాకా ఈ తాలూకా బీదర్ జిల్లాలోది. రాష్ట్రాల పునర్విభజనలో బీదర్ మైసూరుకు పోయింది, జహీరాబాద్ మెదక్ జిల్లాలో చేరి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. బంధుత్వాలు గీతకు రెండువైపులా ఉండిపోయాయి. అందుకే 2017లో తట్టు–రుబెల్లా టీకా వచ్చినప్పుడు వింత జరిగింది. కర్ణాటకలో ఫిబ్రవరిలో వేశారు, తెలంగాణలో ఆగస్టులో. తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల దాకా పిల్లలందరికీ వేసి, ఓటేసినట్టు ఎడమ బొటనవేలి గోరు మీద సిరా గుర్తు పెట్టారు. బీదర్ మేనమామ పిల్లల గోళ్ల మీద సిరా పోయి నెలలు దాటాక ఇక్కడి పిల్లలు వరుసలో నిలబడ్డారు. వైరస్ మాత్రం చెక్‌పోస్టు దగ్గర ఆగేది కాదు.

ఇక బడి పరీక్షల సంగతికి వస్తే, 2010 నవంబరు 14న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జవహర్ బాల ఆరోగ్య రక్ష అనే బడి ఆరోగ్య పథకం మొదలైంది. 2013లో కేంద్రం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం తెచ్చింది. దీని కింద పిల్లల్ని పరీక్షించే ఒక్కో బృందంలో ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వెళ్లాలి. ముప్ఫై రకాల లోపాలు వెతకాలి. ఇందులో అసలు కొత్తదనం వెతకడం కాదు. లోపం దొరికిన పిల్లవాడిని జిల్లా కేంద్రానికి పంపి వైద్యం పూర్తిచేయించే బాధ్యతను కూడా నియమంగా రాశారు. అంతకుముందు బృందం వచ్చి చూసి, చీటీ రాసి వెళ్లిపోతే తక్కిన భారమంతా టీచరు మీదా, తల్లిదండ్రుల మీదా పడేది. అప్పటికి 108 అంబులెన్సు 2005 నుంచే ఉంది. కానీ అది ప్రాణాపాయానికి పిలిచేది. గుండెలో చిన్న రంధ్రమో, మెల్లకన్నో ఉన్న పిల్లాడికి దానితో పనిలేదు.

2020లో ఆయుష్మాన్ భారత్ కింద బడికి ఇద్దరు టీచర్లను ఆరోగ్య దూతలుగా ఎంచుకోమన్నారు. పాఠాలు, భోజనం లెక్కలు, గోలీల లెక్కలు చూసుకుంటున్నవాళ్లకే ఇంకో పని తగిలింది.

బృందం జిల్లా కేంద్రమైన సంగారెడ్డికి రాసిచ్చిందంటే జహీరాబాద్ తల్లికి ఒకరోజు కూలి పోయినట్టే. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం గనుక కూతురిని చూపించాలంటే బస్సు ఖర్చు లేదు. చూపించాల్సింది కొడుకునైతే వాడికి టికెట్ కొట్టించాల్సిందే.