మ్యాపులో మన పొలం ఎందుకు కనిపించదు?

మ్యాపుల్లో రకాలు అనగానే భౌతిక పటాలు, రాజకీయ పటాలు, విషయ పటాలు అని పుస్తకాల్లో ఒక జాబితా ఉంటుంది కదా. ఈ రోజు దాని జోలికి పోవడం లేదు. మన ప్రాంతానికి మ్యాపులు రెండు దారుల్లో వచ్చాయి. ఆ రెండూ ఏమిటో తెలిస్తే మ్యాపు చదవడం సగం వచ్చినట్టే.

మొదటిది సైన్యం దారి. 1799లో టిప్పు సుల్తాన్ ఓడిపోయాక దక్షిణాదిలో ఈస్టిండియా కంపెనీకి ఎదురులేకుండా పోయింది. 1802లో విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ల గీతను ఉక్కు గొలుసుతో కొలిచాడు. అంత చిన్న దూరానికి 57 రోజులు! ఎందుకంటే తర్వాతి కొలతలన్నీ దాని మీదే నిలబడాలి. త్రిభుజంలో ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా భుజాలు లెక్కలోనే వస్తాయి. అలా కొండ నుంచి కొండకు త్రిభుజాలు అల్లుకుంటూ పోయారు. కోణాలు కొలిచే థియోడలైట్ బరువు దాదాపు అర టన్ను. 1808లో తంజావూరు గుడి మీదికి ఎక్కిస్తుంటే అది గోడకు కొట్టుకుని దెబ్బతింది. లాంబ్టన్ వారాల తరబడి కూర్చుని బాగుచేసుకున్నాడు. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో ఆయన సహాయకుడు జార్జ్ ఎవరెస్ట్ జ్వరంతో మంచం పట్టాడు. అవును, శిఖరానికి పేరు పెట్టింది ఆయనదే. ఆ అడవుల్లో పరికరాలు మోసిన కూలీల పేర్లు మాత్రం మనకు తెలియవు.

ఆ సర్వే పునాది మీద వచ్చినవే టోపోషీట్లు. ఇప్పుడు ఎక్కువగా వాడేది 1:50,000 స్కేలు, అంటే మ్యాపులో ఒక సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. గోధుమరంగు గీతలు ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతాయి. అవి దగ్గరగా ఉంటే వాలు ఎక్కువని అర్థం. నీలం నీళ్లు, ఆకుపచ్చ అడవి.

మరి మీ ఎకరం ఎంత ఉంటుంది? ఎకరం చదరంగా ఉంటే ఒక్కో వైపు సుమారు 64 మీటర్లు. ఈ స్కేల్లో అది మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ, పెన్సిల్ చుక్కంత. ఇక గట్టు ఎక్కడ గీస్తారు?

రెండోది శిస్తు దారి. పన్ను వేయాలంటే కొండ ఎత్తు అక్కర్లేదు, ఏ పొలం ఎంతో కావాలి. అందుకే రెవెన్యూ సర్వే వేరుగా నడిచింది. ఎకరం లెక్క ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లీషాయన గొలుసు నుంచి వస్తుంది (మన గుంటూరుకు సంబంధం లేదు లెండి). 66 అడుగులు, 100 లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరం. పాత గ్రామ నక్షాలు చాలావరకు మైలుకు 16 అంగుళాల స్కేలు. అందులో అదే ఎకరం వైపు 16 మిల్లీమీటర్లు వస్తుంది, సర్వే నంబరు రాసుకునేంత చోటు. ఒక్కో సర్వే నంబరు కొలతలు ఇంకా వివరంగా కావాలంటే ఆంధ్రలో ఎఫ్ఎంబీ, తెలంగాణలో టిప్పన్.

ఇక్కడ చాలామంది తికమకపడతారు. పెద్ద స్కేలు మ్యాపు అంటే ఎక్కువ ప్రాంతం చూపేది కాదు, తక్కువ ప్రాంతాన్ని పెద్దగా చూపేది. జిల్లా మొత్తం ఒకే కాగితంలో ఉంటే అది చిన్న స్కేలు.

గట్టు తగాదాలో ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి ‘ఇదిగో నా హద్దు’ అనేవాళ్లను చూస్తుంటాం. అందులో కనిపించేది ఇప్పుడున్న గట్టు. దాన్ని ఎవరైనా జరిపి ఉంటే, జరిపిన గట్టే కనిపిస్తుంది. రికార్డులోని హద్దు తెలియాలంటే ఎఫ్ఎంబీ గానీ టిప్పన్ గానీ తీసుకుని, సర్వేయర్‌తో హద్దురాళ్ల నుంచి కొలిపించాలి. చెరువు కట్ట తెగితే నీళ్లు ఎటు పోతాయో తెలియాలంటే మాత్రం ఆ కాగితాలు పనికిరావు. దానికి టోపోషీటే తెరవాలి.